నడిమి గడి

సున్నంతో గీతలు గీసింది వాచ్‌మన్ ఈదయ్య.
పదిహేను వరుసలు, వరుసకు పదిహేను గడులు.
దేవరకొండ గుట్ట నీడ మైదానం దాటకముందే
గడికొకరు చొప్పున రెండువందల ఇరవై ఐదుగురు
ఆడపిల్లల్ని కూర్చోబెట్టాను.

ఈసారి వార్షికోత్సవానికి కోలాటం వద్దంది
లెక్కల విమోచన మేడం.
"ఒక్క సూత్రం చాలు, పాట కూడా అక్కర్లేదు.
చుట్టూ ఎనిమిది గడులు చూసి
నిలబడ్డవాళ్లను లెక్కపెట్టాలి.
కూర్చున్న పిల్లకు సరిగ్గా ముగ్గురు కనబడితే లేవాలి.
నిలబడ్డ పిల్లకు ఇద్దరో ముగ్గురో ఉంటే అట్లనే ఉండాలి.
తక్కువైతే ఒంటరితనానికి, ఎక్కువైతే ఇరుకుకు
కూలబడాలి. అంతే."

నేను పీఈటీని. నాకు విజిల్ తెలుసు.
పొట్టి కూతకు లెక్క, పొడుగు కూతకు కదలిక.
మర్రిగూడ బోరునీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు నావి,
కూర్చుంటే లేవడానికి గోడ వెతుక్కుంటాయి.
మొదటి వారమంతా
లేచేది వాళ్లు, నొచ్చేది నాకు.

నలభై ఎనిమిది మందితో మొదలు.
కూత. యాభై ఆరు.
కూత. డెబ్భై రెండు, మైదానం అంచులదాకా విచ్చుకుని.
కూత. మళ్లీ ఆ నలభై ఎనిమిదే,
అవే గడులు, అవే ముఖాలు.
వంట మణెమ్మ గంటె చేతబట్టుకునే వచ్చి చూసి
"ఇసుర్రాయి తిప్పినట్టే ఉన్నది,
పిండే రాలుతలేదు" అన్నది.

ఐదో రోజు సక్రి అడిగింది.
ఎనిమిదో వరుసలో ఎనిమిదో గడి,
ఎటునుంచి లెక్కపెట్టినా నడిమి.
"నేనెప్పుడు లెవ్వాలె టీచర్?"

ఈ పక్క ఏముందో ఆ పక్కా అదే, అంది మేడం,
నడిమి వరుసలకు ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది.
మూడు రాదు.
నీకైతే సున్నా. ప్రతిసారీ.

"మరెందుకు లెక్కవెట్టాలె?"

మేడం చేతిలో సుద్దముక్క ఉంది.
దాన్ని చాలాసేపు తిప్పింది.
"పెట్టాలి" అంది.

పెట్టింది. నేను చూశాను.
పొట్టి కూత పడగానే ఎడమ భుజం మీంచి మొదలై
మెడ చుట్టూ తిరిగొచ్చేది పిల్ల,
ముడవడానికి వేళ్లు సిద్ధంగా పెట్టుకుని.
ఎనిమిది గడులు, ఎనిమిదింటా కూర్చున్న తలలే.
జడలు, ఎర్ర రిబ్బన్లు, ఒకదానికి ముడి వదులు.

శనివారం చివరి రిహార్సల్.
సక్రికి ఐమూలగా కూర్చునేది ఆరో తరగతి సైదమ్మ.
ఆమెకు రోజూ ఇద్దరే వస్తారు,
ఒక్కరు తక్కువై కూర్చునే ఉంటుంది.
ఆ పూట ఇద్దర్నీ లెక్కపెట్టి
తననూ కలుపుకుంది.
లేచింది.

నలభై ఎనిమిది ఉండాల్సిన చోట నలభై తొమ్మిది.

"ఏయ్" అనబోతే నోట్లో విజిల్ ఉంది.
పొట్టి. పొడుగు.
సైదమ్మ నిలబడే ఉంది, ఇప్పుడది తప్పు కాదు,
నిలబడ్డదానికి ఇద్దరు చాలు.
నడిమి అడ్డవరుసలో ఒకతి, నిలువువరుసలో ఒకతి
లేచారు, ఎన్నడూ లేవనివాళ్లు,
లంగా దులుపుకోవడం కూడా మరిచి.

మూలల్లో ఆట ఇంకా సక్రమంగానే ఉంది,
చెడు అక్కడిదాకా చేరలేదు.
మెట్లమీంచి మేడం రెండు చేతులూ ఊపుతోంది.
నేను పొట్టిగా ఊదాను.
సక్రి మెడ తిరిగింది. ఎడమ భుజం. ఒకటి. రెండు.
మూడో వేలు ముడిచి ఆగింది.
మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.
నా వైపు చూసింది.

అంత పొడుగు కూత ఏ ఖోఖో ఫైనల్లోనూ ఊదలేదు నేను.

లేచింది సక్రి. మోకాలికి సున్నం.

సోమవారం పెద్దలందరి ముందు అంతా బాగానే జరిగింది.
నలభై ఎనిమిది, యాభై ఆరు, డెబ్భై రెండు,
చప్పట్లు, మళ్లీ నలభై ఎనిమిది.
నడిమి గడిలో పిల్ల మెడ తిప్పి లెక్కపెడుతూనే ఉంది.
పొడుగు కూతకు ముందు ప్రతిసారీ
నేను ఒక్క ఊపిరి ఎక్కువ ఆగాను,
సైదమ్మ వైపు చూస్తూ.
ఎవరూ పట్టుకోలేదు.